పిలుపు లేని వాళ్ళం

ఆదివారం మధ్యాహ్నం నూలా వచ్చింది.
చేతిలో ఫోను, ఫోనులో జాబితా.
చేతులు కలిపి ముడేయడానికి ఆకుపచ్చ రిబ్బను, అయింది.
చెప్పులో దాచే ఆరు పెన్నీల నాణెం, దొరికింది.
రేపు బిడ్డ పుడితే టోపీగా మడిచి కుట్టే చేతిరుమాలు,
అది వాళ్ళ పిన్ని అల్లుతోందట.
వాన రాకుండా ముందురోజు పొదకింద పెట్టే బాలయేసు బొమ్మ,
మెడ విరిగిందే దొరికింది,
విరిగితేనే మంచిదట కదా అని నవ్వింది.
"ఇక మిగిలింది నువ్వే మాలకీ.
గడ్డిముసుగులు. ఆరుగురు చాలు.
తొమ్మిదిన్నరకి, కేకు కోశాక.
ఎంతివ్వమంటావు?"

టీ చల్లారిపోయింది.
కుక్క నా బూటు మీద గడ్డం ఆనించి పడుకుంది.
ఈ పిల్లకి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పను?

అమ్మాయ్,
పిలిస్తే వచ్చేవాళ్ళం కాదు మేము.
పిలవలేదు కాబట్టే వచ్చేవాళ్ళం.
ఎకరం లేనివాళ్ళం,
పెళ్ళికూతురి తండ్రితో గట్టుతగాదా ఉన్నవాళ్ళం.
వేగిన బాతు వాసన చెరువు దాటి మా దాకా వచ్చేది,
కబురు మాత్రం వచ్చేది కాదు.
ఓట్స్ గడ్డి కొడవలితో కోసి, తడిపి, జడల్లా అల్లి
మెడదాకా బోర్లించుకుంటే
కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.
మాట్లాడకూడదు, గొంతు పట్టిస్తుంది.
తలుపు మీద కర్రతో మూడు దెబ్బలు.
మా పెద్ద పెళ్ళికూతురితో ఒక్క ఆట ఆడతాడు.
ముసుగు కిందనుంచే తలా ఓ గ్లాసు.
వద్దన్న ఇంటికి అచ్చిరాదని పేరు.

ఇవేవీ చెప్పలేదు.
"గడ్డి లేదు" అన్నాను.
"కంబైను మిషను నలిపేస్తుంది, అల్లడానికి పనికిరాదు."
నిజమే. సగం నిజం.

రెండో సగం:
యాభై మూడేళ్ళ కిందట, మీ అమ్మమ్మ డీలియా పెళ్ళికి
కర్ర పట్టుకున్నది నేనే.
ఆట మధ్యలో ఆమె చూపు కిందికి జారి
నా ఎడమ బూటు దగ్గర ఆగింది.
లేసు తెగితే కట్టుకున్న ఎర్ర పురికొస.
సంతలో, ఆ ముందు వారమే, తానే తెంపి ఇచ్చింది.
ముఖం దాచుకోమన్నారు గానీ
బూట్ల సంగతి నాకెవరూ చెప్పలేదు.
ఆమె పేరు పలకలేదు.
ఫిడేలు ఆగాక చెయ్యి మాత్రం
ఒక్క రవ్వ ఆలస్యంగా వదిలింది.
అంతే. దాన్ని కథ అనకూడదు.

నూలా జాబితాలో గీత కొట్టేసింది.
గేటు దగ్గర ఆగి,
"మరేక్ వాళ్ళు పోలండు నుంచి నలభై మంది వస్తున్నారు,
మనం ఎలాంటివాళ్ళమో చూపిద్దామనుకున్నా" అంది.

ఆ రాత్రి కొడవలికి సాన పట్టాను.
మిషను ఎక్కని కొండవాలులో
ఎవరో గుర్రానికని చల్లిన నాలుగు చాళ్ళ ఓట్స్ ఉంది.
ఐదుగుర్ని పోగుచేశాను:
కోళ్ళ ఫారంలో పని పోయినవాడు,
టైర్ల కొట్లో చేసే సిరియా కుర్రాడు సామెర్,
ఇలాంటివాళ్ళే. ఎవరికీ ఆ పెళ్ళి పిలుపు లేదు.
అదొక్కటే అర్హత.
బంగారు అంచుతో నా పేర వచ్చిన కార్డుని
పొయ్యిలో పెట్టాను.
లేకపోతే లెక్క తప్పుతుంది.

శనివారం. బొమ్మ ఏమీ చెయ్యలేకపోయింది,
పొద్దుటినుంచీ ఒకటే వాన.
హోటలు వెనక, చెత్తడబ్బాల పక్కన నిలబడ్డాం.
తడిసిన ముసుగు లోపల నా ఊపిరి నాకే వేడిగా తగులుతోంది.
సామెర్ ఏదో అడగబోతే వేలితో వారించాను.
తొమ్మిదిన్నర దాటనిచ్చాను.
పదీ దాటనిచ్చాను,
మమ్మల్ని ఇక ఎవరూ అనుకోని వేళ దాకా.

లోపల డీలియా ఉంటుంది.
ఇప్పుడు ఆమెకు పేర్లు నిలవడం లేదంటారు.

వంగి, ఎడమ బూటుకి
ఎర్ర పురికొస ఇంకో ముడి వేసి
కర్ర ఎత్తాను.